చెవికి తగిన ఇయర్‌ఫోన్

మధ్యాహ్నం రెండు గంటల వేళ. నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరు. వేపచెట్టు నీడ అరుగు మీద పడింది. నలుగురు ఆడవాళ్లు చాటలు ముందు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. కత్తెర ఆకును కోస్తున్నది. వేళ్లు తంబాకు వేసి చుడుతున్నాయి. దారం కడుతున్నాయి.

చేతులకు పని ఉంది. చెవులకు పని లేదు. అందుకే ఎవరి ఫోను వాళ్లు పక్కన పెట్టుకున్నారు. కోడలికి కొత్త సినిమా పాటలు కావాలి. ఆడబిడ్డకు పాత పాటలు కావాలి. పక్కింటి అక్కకు రేడియోలో పంటల ముచ్చట కావాలి. పెద్దమ్మకు కథ కావాలి. నాలుగు ఫోన్లూ ఒకేసారి మోగితే అరుగు అంగడి అవుతుంది. లోపల పసిబిడ్డ నిద్ర లేస్తుంది.

కోడలు అంగట్లో వంద రూపాయలు పెట్టి ఒక ఇయర్‌ఫోన్ కొన్నది. తన పాటలకు అది బాగానే ఉంది. ధన్ ధన్ అని మోగుతున్నది. మరునాడు దాన్ని పెద్దమ్మకు ఇచ్చింది. పెద్దమ్మ చెవిలో పెట్టుకుని రేడియోలో కథ విన్నది. కాసేపటికి తీసేసింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఒక్క మాట గూడ తెలుస్తలేదు బిడ్డా. డబ్బాల కెళ్లి మాట్లాడినట్టున్నది."

"సౌండు పెంచు పెద్దమ్మా."

పెద్దమ్మ పెంచింది. ఇంకా పెంచింది. మూడు గంటలు అట్లాగే విన్నది. ఆ రాత్రి రెండు చెవుల్లోనూ గుయ్యిమని ఒకటే మోత. పడుకున్నా ఆగలేదు. తెల్లారేసరికి తగ్గింది. కానీ పెద్దమ్మకు భయం పట్టుకుంది.

"నా చెవులు పోయినయ్ బిడ్డా. ముసలిదాన్ని. నాకెందుకియన్నీ" అన్నది.

తప్పు పెద్దమ్మ చెవులదా? లేక ఆ వస్తువుదా? లేక విన్న తీరుదా? ఇయర్‌ఫోన్ కొనే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. వినికిడి పోతే మళ్లీ రాదు.

ఇయర్‌ఫోన్ లోపల ఏముంది?

డప్పు కొట్టినప్పుడు దాని తోలు మీద చెయ్యి పెట్టి చూడండి. తోలు వణుకుతుంది. ఆ వణుకు గాలిని వణికిస్తుంది. గాలి వచ్చి మన చెవిలోని పలుచని పొరను వణికిస్తుంది. ఆ పొర పేరు కర్ణభేరి. భేరి అంటే పెద్ద డోలు. మన చెవిలో కూడా ఒక చిన్న డోలు ఉందన్నమాట.

ఇయర్‌ఫోన్‌లో కూడా ఒక బుల్లి డప్పు ఉంటుంది. అందులో ఒక పలుచని పొర, దానికి అంటించిన సన్నని తీగ చుట్ట, పక్కనే ఒక అయస్కాంతం ఉంటాయి. ఫోను నుంచి కరెంటు సన్నగా వస్తుంది. పాటను బట్టి ఆ కరెంటు మారుతూ ఉంటుంది. కరెంటు వచ్చినప్పుడు తీగ చుట్టను అయస్కాంతం లాగుతుంది, నెడుతుంది. దాంతో పొర వణుకుతుంది. అదే పాట అవుతుంది. అదే మాట అవుతుంది.

ఈ వస్తువు నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాలో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన 1910లో తన ఇంటి వంటగదిలో కూర్చుని తల మీద పెట్టుకునే హెడ్‌ఫోన్లు చేశాడు. అక్కడి నౌకాదళం వాటిని కొన్నది. అప్పుడవి పెద్దగా ఉండేవి. ఇప్పుడు చింతగింజంత అయ్యాయి. 

పాట వేరు, మాట వేరు

డోలు మోత లావుగా ఉంటుంది. గజ్జెల మోత సన్నగా ఉంటుంది. ఎందుకు? డోలు తోలు నెమ్మదిగా వణుకుతుంది. గజ్జె చాలా వేగంగా వణుకుతుంది. మనిషి చెవి సెకనుకు 20 వణుకుల నుంచి 20,000 వణుకుల దాకా వినగలదు. వయసు పెరిగే కొద్దీ బాగా సన్నని శబ్దాలు వినపడటం తగ్గుతుంది.

మగవాళ్ల గొంతు సెకనుకు సుమారు 100 సార్లు, ఆడవాళ్ల గొంతు సుమారు 200 సార్లు వణుకుతుంది. అయితే మాట అర్థం కావడానికి గొంతు ఒక్కటే చాలదు. అక్షరాలు విడివిడిగా తెలియాలి. "పాలు" అన్నారా, "బాలు" అన్నారా? "తాత" అన్నారా, "దాత" అన్నారా? "సరి" అన్నారా, "హరి" అన్నారా? ఇలాంటి తేడాలు చూపించడంలో పైన ఉండే సన్నని శబ్దాలు కూడా ముఖ్యం. "స" అని గట్టిగా పలికి చూడండి. పాము బుసలాంటి గాలి మోత వస్తుంది. అది సెకనుకు 4,000 వణుకుల పైన ఉండే శబ్దం.

ఇప్పుడు పెద్దమ్మ కష్టం అర్థమవుతుంది. కోడలు కొన్న ఇయర్‌ఫోన్‌లో లావు మోత ఎక్కువ. దీన్నే దుకాణం వాళ్లు "బేస్" అంటారు. "ఎక్స్‌ట్రా బేస్" అని డబ్బా మీద గొప్పగా రాస్తారు. డ్రమ్ములు ఎక్కువ ఉన్న కొత్త పాటలకు అది హుషారుగా ఉంటుంది. కానీ లావు మోత పెరిగితే అది మాట మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. అక్షరాలు దాని కింద పడి నలిగిపోతాయి. సౌండు పెంచితే మాట పెరగదు. దుప్పటి కూడా పెరుగుతుంది.

పాత సినిమా పాటల సంగతి వేరు. ఆ రోజుల రికార్డుల్లో బాగా లావు మోత, బాగా సన్న మోత తక్కువ. గొంతు మధ్యలో నిలబడి ఉంటుంది. గొంతును శుభ్రంగా వినిపించే ఇయర్‌ఫోన్ అయితే పాత పాటలు, హరికథ, బుర్రకథ, వార్తలు, పాఠాలు అన్నీ బాగుంటాయి. కొత్త పాటలు కూడా వినవచ్చు. కాస్త ధన్ ధన్ తగ్గుతుంది, అంతే.

అందుకే కొనే ముందు మొదటి ప్రశ్న: ఇది ఎవరి కోసం? ఏం వినడానికి?

రెండు తీర్ల చెవి ముక్కలు

ఒక తీరు ముక్క చెవి వాకిట్లో కూర్చుంటుంది. లోపలికి పోదు. గట్టి ప్లాస్టిక్‌తో గుండ్రంగా ఉంటుంది. దీన్ని పెట్టుకున్నా బయటి శబ్దాలు వినిపిస్తాయి. ఇంట్లో పని చేసుకుంటూ, పిల్లల మీద ఒక చెవి వేసి వినేవాళ్లకు ఇది మంచిది. కానీ లావు మోత బయటికి జారిపోతుంది. బస్సులో అయితే ఏమీ వినపడదు.

రెండో తీరుకు ముందు భాగంలో మెత్తని రబ్బరు టోపీ ఉంటుంది. అది చెవి రంధ్రం లోపలికి కాస్త పోయి, సీసాకు బిరడా పెట్టినట్టు మూసుకుంటుంది. బయటి గోల తగ్గుతుంది. గోల తగ్గితే సౌండు తక్కువ పెట్టుకున్నా మాట వినిపిస్తుంది. చెవికి ఇది మేలు. కానీ ఎవరైనా పిలిస్తే వినపడదు. పొయ్యి మీద పాలు పొంగినా తెలియదు. దాని మేలూ అదే, కీడూ అదే.

టోపీ సరిపోవాలి

రబ్బరు టోపీలు సాధారణంగా మూడు సైజుల్లో వస్తాయి. చిన్నవి, మధ్యవి, పెద్దవి. డబ్బాలో చిన్న కవరులో ఉంటాయి. చాలామంది ఆ కవరు పారేస్తారు. పారేయకూడదు.

గాజులు కొనేటప్పుడు చేతికి తొడిగి చూస్తాం. ఇదీ అంతే. టోపీ చిన్నదైతే సందులోంచి శబ్దం పోతుంది. పాట పేలవంగా ఉంటుంది. మాటిమాటికీ జారిపడుతుంది. పెద్దదైతే చెవి నొప్పి పుడుతుంది. సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. పెట్టుకుని తల అటూ ఇటూ ఊపండి. జారకూడదు. నోరు తెరిచి మూయండి. జారకూడదు. అరగంట ఉంచినా నొప్పి పెట్టకూడదు. ఒకే మనిషికి రెండు చెవులూ ఒక్క సైజు ఉండాలని లేదు. ఒక చెవికి చిన్నది, ఇంకో చెవికి మధ్యది పెట్టుకోవచ్చు.

వైరు ఉన్నదా, వైరు లేనిదా?

వైరు ఉన్నవి చవక. వంద, రెండు వందల రూపాయల నుంచి దొరుకుతాయి. చార్జింగు పెట్టే పని లేదు. ఎక్కడా పడిపోవు. కానీ వైరు చేతికి, చాటకు, చీర కొంగుకు తగులుకుంటుంది.

వైరు ఉన్నదాంట్లో ఇంకో గొప్ప మేలు ఉంది. చాలా కీప్యాడ్ ఫోన్లలో ఎఫ్.ఎం. రేడియో రావాలంటే ఇయర్‌ఫోన్ వైరు పెట్టాలి. ఆ వైరే రేడియోకు ఏరియల్ అవుతుంది. గాలిలో వచ్చే రేడియో అలలను ఆ వైరు పట్టుకుంటుంది. వైరు తీసేస్తే రేడియో ఆగిపోతుంది. లేదా బరబర అంటుంది. రేడియో వినేవాళ్లు వైరు ఉన్నది కొనుక్కోవడమే మేలు. దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు. డేటా ఖర్చు లేదు.

రేడియో అంటే పెద్దవాళ్ల మాటలే అనుకోవద్దు. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో మాచునూరు అనే ఊరుంది. అక్కడ 2008 అక్టోబరు 15న "సంఘం రేడియో" మొదలైంది. దాన్ని నడపడానికి ముందుకు వచ్చింది పల్లెల్లోని దళిత మహిళలు. మైకు ముందు కూర్చున్నది వాళ్లే. రికార్డు చేసింది వాళ్లే. విత్తనాల గురించి, పంటల గురించి, పండుగల గురించి తమ ఊరి మాటలోనే మాట్లాడారు. తమ పాటలే పాడారు. వాళ్లు మాట్లాడిన మాట వినాలంటే చెవికి మాట శుభ్రంగా అందాలి కదా!

ఇక వైరు లేనివి. వీటిని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు అంటారు. ఫోను సుమారు 10 మీటర్ల దూరంలో ఉన్నా వినిపిస్తాయి. గోడ అడ్డం వస్తే దూరం తగ్గుతుంది. ఇవి రెండు రకాలు. ఒకటి మెడలో వేసుకునే పట్టీ ఉన్నది. రెండు ముక్కలూ పట్టీకి కట్టి ఉంటాయి. చెవిలోంచి జారినా మెడ మీదే ఉంటాయి. ఇంకొకటి విడివిడి ముక్కలు. వీటిని ఒక చిన్న డబ్బీలో పెడితే చార్జింగు అవుతాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ పొలం గట్టు మీద ఒక ముక్క పడితే వెతుకులాటే. ఒక్క ముక్క పోతే జత చెడినట్టే.

బ్లూటూత్ వాటిలో బ్యాటరీ ఉంటుంది. రోజూ వాడితే రెండు మూడేళ్లకు ఆ బ్యాటరీ నీరసపడుతుంది. చాలా వాటిలో దాన్ని మార్చడం కుదరదు. వైరు ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడితే ఈ బెడద లేదు. కొనే ముందు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

పిన్ను చూసుకోవాలి

ఇయర్‌ఫోన్ వైరు చివర పిన్ను ఉంటుంది. దాన్ని ఫోనులో గుచ్చాలి. పిన్నులు రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి గుండ్రని పిన్ను. దాని లావు మూడున్నర మిల్లీమీటర్లు. ఇంకొకటి చదునుగా ఉండే టైప్-సి పిన్ను. ఈ రోజుల్లో చాలా ఫోన్ల చార్జరు కూడా దీని తీరుగానే ఉంటుంది.

మీ ఫోనుకు గుండ్రని రంధ్రం ఉందా? ఉంటే గుండ్రని పిన్ను కొనాలి. చాలా కొత్త ఫోన్లలో ఆ రంధ్రం లేదు. ఫోను చేత్తో పట్టుకుని దుకాణానికి పోతే తప్పు జరగదు.

గుండ్రని పిన్ను మీద నల్లని గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలు ఉంటే వినడానికి మాత్రమే. మూడు గీతలు ఉంటే సాధారణంగా దానికి మైకు కూడా ఉంటుంది. ఫోను వస్తే దాంట్లోనే మాట్లాడవచ్చు. దూరదేశంలో ఉన్న మనిషితో చాటు మాట మాట్లాడుకోవాలనుకునే అక్కలకు మూడు గీతలది కావాలి.

వైరు తెగేది ఎక్కువగా పిన్ను మొదట్లోనే. అక్కడ మెత్తని రబ్బరు తొడుగు పొడుగ్గా ఉందో లేదో చూడాలి. తీసేటప్పుడు వైరు పట్టి లాగకూడదు. పిన్ను పట్టి తీయాలి.

దుకాణంలో ఎట్లా చూడాలి?

దుకాణం అబ్బాయి ముందుగా ధన్ ధన్ పాట పెడతాడు. "సూడు అక్కా, ఎంత బేస్ ఉందో" అంటాడు. అప్పుడు మొహమాటపడవద్దు. "పాట తర్వాత. ముందు మాట పెట్టు" అనాలి.

వార్తలో, కథో పెట్టించుకోవాలి. సౌండు సగానికి తగ్గించాలి. తెలియని వార్త అయితే ఇంకా మంచిది. తెలిసిన కథ అయితే చెవి వినకపోయినా మనసు నింపేస్తుంది. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు వినాలి. ప, బ తేడా తెలుస్తున్నదా? త, ద తేడా తెలుస్తున్నదా? స, శ చెవిలో గుచ్చుకుంటున్నాయా? గుచ్చుకుంటే అదీ మంచిది కాదు. అరగంట వింటే తల నొస్తుంది. అక్షరాలు దిద్దిన చేతికి ప, బ తేడా తెలుసు. ఇప్పుడు చెవితో దిద్దాలి.

ఆ తర్వాత తెలిసిన పాత పాట ఒకటి పెట్టించుకోండి. గొంతు ముందు ఉందా, తబలా ముందు ఉందా చూడండి. చివరగా కొత్త పాట వినండి. రెండు చెవుల్లోనూ ఒకే గట్టిగా వినిపించాలి. వైరును అక్కడక్కడా మెల్లగా కదిపి చూడండి. బరబర రాకూడదు.

కొన్ని దుకాణాల్లో పెట్టుకుని చూడనివ్వరు. అది ఒకరి చెవిలోది ఇంకొకరి చెవిలో పెట్టే వస్తువు కాబట్టి వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. అప్పుడు తెలిసినవాళ్ల దగ్గర ఉన్న అదే రకం చూడాలి. టోపీ తుడిచి, విని, ఆ తర్వాత కొనాలి.

డబ్బా మీద రాత చదవండి

చదువు వచ్చింది. దాన్ని ఇక్కడ వాడాలి.

మొదట ధర. డబ్బా మీద ఎమ్మార్పీ అని ఉంటుంది. పన్నులన్నీ కలిపి అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు. తక్కువకు అడగవచ్చు.

రెండోది, బి.ఐ.ఎస్. గుర్తు. వైరు లేని ఇయర్‌ఫోన్లకు మన దేశంలో ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాటిలో బ్యాటరీ ఉంటుంది కనుక ఈ గుర్తు చూడటం మంచిది.

మూడోది, గ్యారంటీ ఎన్ని నెలలు? బిల్లు లేకుండా గ్యారంటీ అడిగితే ఎవరూ వినరు. బిల్లు తీసుకోవాలి. దుకాణంవాళ్లు మోసం చేస్తే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇది వినియోగదారుల సహాయ నంబరు.

నాలుగోది, "20 నుంచి 20,000 హెర్ట్జ్" అనే రాత. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని వణుకులు అని. వంద రూపాయల డబ్బా మీదా ఇదే ఉంటుంది. పదివేల రూపాయల డబ్బా మీదా ఇదే ఉంటుంది. దీన్ని చూసి మోసపోవద్దు. మంచీ చెడూ చెవే చెప్పాలి.

ఇక ముక్కల మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. నిలువు గీత గీసి, కింద కుడివైపుకు అడ్డగీత గీస్తే అది "ఎల్". అంటే ఎడమ చెవి. నిలువు గీతకు పైన బొజ్జ, కింద ఏటవాలు కాలు ఉంటే అది "ఆర్". అంటే కుడి చెవి. చాలా ముక్కలను చెవి వంకను బట్టి చేస్తారు. అటుది ఇటు పెడితే సరిగా కూర్చోదు.

ఎంత గట్టిగా? ఎంతసేపు?

చెవి లోపల, కర్ణభేరికి అవతల, నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. అందులో వెంట్రుకల్లాంటి సన్నని కొసలున్న కణాలు సుమారు 15 వేలు ఉంటాయి. శబ్దం వచ్చినప్పుడు అవి గాలికి వరిపైరు ఊగినట్టు ఊగుతాయి. ఆ ఊపే మెదడుకు మాటగా అందుతుంది. గాలివాన కొడితే పైరు పడిపోతుంది. తేలిక గాలి అయితే మళ్లీ లేస్తుంది. పెద్ద గాలి అయితే నేలకొరుగుతుంది. పొలంలో అయితే మళ్లీ నాటు వేస్తాం. చెవిలో రెండో నాటు లేదు. పోయిన కణాలు మళ్లీ పుట్టవు.

శబ్దాన్ని డెసిబెల్‌లో కొలుస్తారు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెల్. పెద్దవాళ్లు 80 డెసిబెల్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 90 డెసిబెల్ అయితే వారానికి 4 గంటలే. 100 డెసిబెల్ అయితే వారానికి 20 నిమిషాలే. సౌండు పూర్తిగా పెంచితే కొన్ని ఇయర్‌ఫోన్లు 100 కూడా దాటుతాయి.

ఇంట్లో డెసిబెల్ కొలిచే పరికరం ఎవరి దగ్గరా ఉండదు. అందుకే తేలిక గుర్తు పెట్టుకోండి. ఫోనులో సౌండు గీతను పది గడులు అనుకోండి. ఆరు గడులు దాటవద్దు. ఒక మూర దూరంలో కూర్చున్న మనిషి మాట వినపడకపోతే సౌండు ఎక్కువైనట్టే. చెవిలో గుయ్యిమన్నా, బయటి మాటలు దూరంగా వినిపించినా అది చెవి చేసే హెచ్చరిక. ఆ రోజు ఇక ఆపెయ్యాలి. గంటకొకసారి పది నిమిషాలు చెవికి విశ్రాంతి ఇవ్వాలి. పిల్లల చెవులు ఇంకా లేతవి. వాళ్లకు సౌండు ఇంకా తగ్గించాలి.

చెవి శుభ్రం, వస్తువు శుభ్రం

చెవిలో గులిమి పుడుతుంది. కొందరు గుబిలి అంటారు. అది మురికి కాదు. దుమ్ము లోపలికి పోకుండా ఆపే కాపలా. మామూలుగా అదే మెల్లమెల్లగా బయటికి వస్తుంది. రబ్బరు టోపీ రోజంతా ఉంటే అది బయటికి రాలేదు. లోపలికి నెట్టుకుపోతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక పెట్టి తీయకూడదు. గులిమి ఇంకా లోపలికి పోతుంది. కర్ణభేరికి చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది. వేడి నూనె పోయకూడదు.

టోపీలు విప్పి వారానికొకసారి సబ్బు నీళ్లతో కడగాలి. బాగా ఆరిన తర్వాతే తొడగాలి. మిగతా ముక్కను నీళ్లలో ముంచకూడదు. పొడి గుడ్డతో తుడవాలి. బీడీలు చుట్టేవాళ్లు తంబాకు చేతులతో టోపీని ముట్టుకోకూడదు. చేతులు కడుక్కోవాలి. వాడనప్పుడు చిన్న కవరులో పెట్టాలి. చెవి కారేవాళ్లు, చెవి నొప్పి ఉన్నవాళ్లు తగ్గేదాకా ఇయర్‌ఫోన్ పెట్టుకోవద్దు. దువ్వెన ఎవరిది వాళ్లదే అయినట్టు టోపీ కూడా ఎవరిది వాళ్లదే.

ఒక చెవి లోకానికి

రోడ్డు మీద నడిచేటప్పుడు, రైలు పట్టాలు దాటేటప్పుడు, సైకిలు గానీ బండి గానీ నడిపేటప్పుడు ఇయర్‌ఫోన్ తీసెయ్యాలి. హారన్ వినపడకపోతే ప్రాణం పోతుంది. చీకటి వేళ ఒంటరిగా నడిచే ఆడవాళ్లకు వెనక అడుగుల చప్పుడు వినపడటం ముఖ్యం. చార్జింగులో ఉన్న ఫోనుకు వైరు పెట్టుకుని పడుకోవద్దు.

ఇంట్లో పని చేసుకుంటూ వినాలంటే ఒక చెవికే పెట్టుకోవచ్చు. పాటలో కొన్ని వాయిద్యాలు ఒక చెవిలోనే వస్తాయి. చాలా స్మార్ట్ ఫోన్ల సెట్టింగుల్లో "మోనో" అని ఉంటుంది. దాన్ని పెడితే రెండు చెవుల శబ్దమూ ఒక్క చెవిలోకే వస్తుంది. ఏమీ పోదు. చెవులు మార్చి మార్చి పెట్టుకోవాలి.

పెద్దమ్మ చెవులు

ఇంతకీ పెద్దమ్మ సంగతి?

కోడలు ఆమెను ముందుగా ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ లైటు వేసి చూసింది. కుడి చెవిలో గులిమి గట్టిపడి అడ్డం ఉంది. ఎన్నో ఏళ్లుగా పిన్నీసుతో తీసుకునే అలవాటు పెద్దమ్మది. చుక్కల మందు ఇచ్చారు. వారం తర్వాత మెత్తబడిన గులిమిని తీశారు.

"నీ చెవులు పోలేదమ్మా. కానీ ఆ రాత్రి గుయ్యిమన్నది చూడు, అది మళ్లీ రానీయకు. ఈసారి తగ్గింది. ప్రతిసారీ తగ్గదు" అన్నది డాక్టరమ్మ.

తర్వాత ఇద్దరూ దుకాణానికి పోయారు. పెద్దమ్మ రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నది. డబ్బా తిప్పి తిప్పి చూసింది.

"రెండు వందల యాభై అమ్మా" అన్నాడు దుకాణం అబ్బాయి.

పెద్దమ్మ అంకెల మీద వేలు పెట్టింది. "ఒకటి, తొమ్మిది, తొమ్మిది. నూట తొంభై తొమ్మిదని రాసినవు గదా బిడ్డా. ఇంక యాభై ఒకటి ఎవరికి?"

అబ్బాయి నవ్వి తగ్గించాడు.

పెద్దమ్మ వార్తలు పెట్టించుకుని విన్నది. చిన్న టోపీ పెట్టి చూసింది. మధ్యది పెట్టి చూసింది. గుండ్రని పిన్ను తన కీప్యాడ్ ఫోనుకు గుచ్చి చూసింది. బిల్లు అడిగి కొంగున కట్టుకున్నది.

మరునాడు మధ్యాహ్నం మళ్లీ అరుగు మీద చాటలు కూడాయి. పెద్దమ్మ ఒక చెవికే పెట్టుకున్నది. సౌండు నాలుగు గడులే. రేడియోలో ఎవరో కథ చదువుతున్నారు. పెద్దమ్మ చేతులు బీడీ చుడుతున్నాయి. ఒక్కసారి ఆగాయి.

"ఏమైంది పెద్దమ్మా? మళ్లా వినొస్తలేదా?"

"ఆగు బిడ్డా. అత్త కోడలికి తాళాలు ఇస్తున్నది" అన్నది పెద్దమ్మ. మళ్లీ ఆకు అందుకున్నది.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఎవరు ఏం వింటారు? వాళ్లకు ఎలాంటి ఇయర్‌ఫోన్ సరిపోతుంది?

2. మీ ఫోనుకు ఏ రంధ్రం ఉంది? చూసి చెప్పండి.

3. సౌండు పెంచినా పెద్దమ్మకు మాట ఎందుకు తెలియలేదు?

4. చెవిలో పిన్నీసు పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉందా? ఎలా మానిపిస్తారు?

5. మీ ఇంట్లో ఉన్న ఏదైనా డబ్బా తీసుకుని దాని మీద ధర ఎక్కడ ఉందో వెతికి చదవండి.